టవర్ సంగతి తర్వాత, ముందు పెట్టె తెరవండి: తేనెటీగలపై అపోహలు - వాస్తవాలు

పొద్దుతిరుగుడు పూత మీద ఉన్న రోజుల్లో ఒక ఉదయం నా తేనెటీగల పెట్టెల ముందు నేలంతా ఈగలే. కొన్ని ఎగరలేక గిరగిరా తిరుగుతున్నాయి, మిగతావి చచ్చి పడున్నాయి. నాలుగింటిని అరచేతిలోకి తీసుకుని చూస్తే అన్నిటికీ నాలుకలు బయటికి వేలాడుతున్నాయి. పక్క చేను పెద్దాయన వచ్చి, ఊరి చివరకి చెయ్యి చూపించి, "అదిగో, ఆ టవరే బాబూ" అన్నాడు. ముందురోజు పొద్దున పూత మీదున్న పత్తికి మందు కొట్టింది ఆయనే.

అపోహ: సెల్ టవర్ల రేడియేషన్ వల్లే ఈగలు పోతున్నాయి.

2006 చివర్లో అమెరికాలో పెట్టెలకు పెట్టెలు ఖాళీ అయ్యాయి. లోపల రాణి, పిల్లలు, తేనె ఉన్నాయి, పెద్ద ఈగలు మాత్రం లేవు. కారణం తెలియక జనం రకరకాలుగా ఊహించారు. జర్మనీలోని లాండావ్‌లో చేసిన ఒక చిన్న ప్రయోగాన్ని 2007లో పత్రికలు దీనికి ముడిపెట్టాయి. ఆ ప్రయోగంలో పెట్టెల అడుగున ఉంచింది ఇంట్లో వాడే కార్డ్‌లెస్ ఫోన్ బేస్. అది అసలు సెల్‌ఫోన్ కానే కాదు, ఇక టవర్ ఎక్కడిది? అమెరికా సంగతికీ మా పనికీ సంబంధం లేదని ఆ పరిశోధకులే చెప్పుకోవాల్సి వచ్చింది. 2010లో చండీగఢ్‌లోనూ ఒక ప్రయోగం జరిగింది. ఫోన్లను నేరుగా పెట్టెల్లోనే పెట్టారు, అదీ రెండంటే రెండు పెట్టెల్లో. దాని మీద ఆధారపడి ఊరి టవర్‌ని దోషిని చెయ్యలేం.

నాలుక బయటికొచ్చి కుప్పలుగా చచ్చాయంటే నేను ముందు అనుమానించేది పురుగుమందునే.

అపోహ: మందు పడితే అక్కడికక్కడే చస్తాయి. చావలేదంటే ఇబ్బంది లేనట్టే.

ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. తక్కువ మోతాదు తగిలితే ఈగ చావదు, ఇంటి దారి మరిచిపోతుంది. 2012లో ఫ్రాన్స్‌లో ఈగల వీపులకు చిన్న చిన్న ట్యాగులు అంటించి చూశారు. థయామెథాక్సామ్ అనే పురుగుమందు తీసుకున్నవాటిలో చాలా ఈగలు గూటికి తిరిగి రాలేదు. మన రైతులకు బాగా తెలిసిన ఇమిడాక్లోప్రిడ్ కూడా ఆ జాతి మందే. 2018లో యూరోపియన్ యూనియన్ ఈ రెండింటినీ, అదే జాతి క్లోథియానిడిన్‌నూ ఆరుబయట పొలాల్లో వాడకుండా నిషేధించింది. పురుగుమందునీ తెగులుమందునీ ఒకే ట్యాంకులో కలిపి కొట్టడం మన దగ్గర మామూలు. కొన్ని తెగులుమందులు పడితే ఈగ ఒంట్లో విషం త్వరగా విరగదు, అదే పురుగుమందు ఇంకా గట్టిగా పనిచేస్తుంది.

బీటీ పత్తి పుప్పొడి తిని చస్తున్నాయని కూడా అంటుంటారు. బీటీ మొక్క తనలో తయారుచేసుకునే విషం కాయతొలుచు పురుగుల జాతికి, ఈగలకు కాదు. ఈగలకు హాని చేసేది అదే పత్తికి రసం పీల్చే పురుగుల కోసం కొట్టే మందులు.

అపోహ: మైనపు పురుగు వచ్చి పెట్టె నాశనమైంది.

మైనపు పురుగంటే తెట్టెల మైనాన్ని తినే పురుగు. బలమున్న పెట్టెలో అది నిలబడలేదు, ఈగలే లాగి పారేస్తాయి. తెట్టెల మీద ఈగలు పలచబడ్డాకే అది గూడు కడుతుంది. మనకి కళ్ళబడేది అదే కాబట్టి నేరం దాని మీద పడుతుంది. పలచబడటానికి కారణం చాలాసార్లు ఆకలి. ఎండాకాలం నుంచి వానల దాకా పూత ఉండదు, మనమేమో ఆఖరి చుక్క వరకు తేనె పిండేసుంటాం. తెట్టె తీసి చూడండి: గదుల్లోకి తలలు దూర్చి, తోకలు మాత్రమే కనపడేలా చచ్చిపోయి ఉంటే అవి ఆకలి చావులే. కిలో పంచదారకి లీటరు నీళ్లు కలిపి పెడితే ఆగేది. ఈ తప్పు నేనూ చేశాను, మొదటి ఏడాదే.

అపోహ: రోగాలు బయటి దేశం నుంచి తెచ్చిన ఇటాలియన్ ఈగలకే, మన పుట్ట తేనెటీగలకు ఏమీ కాదు.

1991-92లో థాయ్ సంచి రోగం దక్షిణాది రాష్ట్రాల్లో మన ఈగల పెట్టెలను ఊడ్చిపెట్టింది. అది వైరస్. ఈ రోగం వచ్చిన పిల్ల పురుగు తల పైకెత్తి పడవలా నిక్కి ఉంటుంది, చిన్న పట్టకారుతో లాగితే నీళ్ల సంచిలా వస్తుంది. ఈగ ఒంటిని పట్టి పీల్చే వరోవా నల్లి విషయంలో మాత్రం మన ఈగదే పైచేయి. తరతరాలుగా దానితో కలిసి బతికింది, ఒంటి మీది నల్లిని కొరికి పారేస్తుంది. ఇటాలియన్ ఈగకి ఆ విద్య అంతగా రాదు.

ఇంకో మాట. మన ఈగ ఉన్న పెట్టె ఖాళీ అయిందంటే చచ్చాయనే అనుకోకండి. చీమలెక్కినా, ఎండ మాడ్చినా, తిండి లేకపోయినా చెప్పాపెట్టకుండా లేచిపోతుంది.

అపోహ: తేనెటీగ లేకపోతే నాలుగేళ్లలో మనిషి ఉండడని ఐన్‌స్టీన్ అన్నాడు.

ఆయన అన్నట్టు ఆధారం ఎక్కడా లేదు. వరి, గోధుమ, మొక్కజొన్నలకు ఈగలతో పని లేదు. పొద్దుతిరుగుడు, దోస, పుచ్చ, ఉల్లి విత్తనం రైతులు మాత్రం ఈగ లేకపోతే దెబ్బతింటారు. ఇంకోటి, ప్రపంచం మొత్తం మీద పెంపుడు పెట్టెల లెక్క 1960ల కన్నా పెరిగింది. పోయిన పెట్టెల స్థానంలో, మిగిలిన ఈగల గుంపుల్ని చీల్చి కొత్తవి చేసుకుంటాం. కొండ తేనెటీగకి, చెట్ల తొర్రల్లో ఉండే పుట్ట తేనెటీగకి ఆ సాయం చేసేవాళ్లు ఉండరు.

ఆ పక్క చేను పెద్దాయనా నేనూ తర్వాత మాట్లాడుకున్నాం. ఇప్పుడు మందు సాయంత్రం ఈగలు గూటికి చేరాకే కొడతాడు, ముందురోజే ఫోన్ చేసి చెప్తాడు. నేను ఆ రాత్రికే పెట్టెలను దూరం జరుపుతాను. పొలంలో ఆయన ఫోన్‌కి సిగ్నల్ అందేది ఆ టవర్ నుంచే మరి.