పైపు పొగాకు: ఆకు కరువుపై అపోహలు - వాస్తవాలు

పైపు పొగాకుకు ఆకు ఎంచి, మిశ్రమాలు కలపడం నా పని. ‘ఇదివరకటి ఆకు దొరకట్లేదు’ అంటే చాలు, జనం వాళ్లకు తోచిన కారణాలు చెప్పేస్తుంటారు.

అపోహ: పొగాకు సాగే తగ్గిపోయింది.

చైనా, బ్రెజిల్, ఇండియా, జింబాబ్వేల్లో బోలెడంత పండుతోంది. లేనిదల్లా మొక్క మీదే బాగా పండిన ఆకు. పొగాకు కింది నుంచి పైకి వరసగా పక్వానికి వస్తుంది. మంచి రెడ్ వర్జీనియా (ముదిరి ఎర్రబారిన వర్జీనియా పొగాకు) కావాలంటే పై ఆకు ముదిరి మచ్చలు తేలేదాకా ఆగాలి. ఈలోగా గాలివాన వస్తే నష్టం రైతుదే. పైగా ప్రతి కోతకీ కూలి. దాంతో రెండు మూడు కోతలు కలిపి ఒకేసారి కానిచ్చేస్తున్నారు. చెక్కు (ఆకు బేలు) విప్పితే దొరికిపోతుంది: పండిన ఆకు మచ్చలతో కాస్త గరుకుగా తగులుతుంది, తొందరపడి కోసింది కాగితంలా నున్నగా, ఈనెల పక్కన పచ్చచారతో ఉంటుంది.

అపోహ: కొన్నేళ్లు నిల్వ చేస్తే ఏ ఆకైనా బాగుపడుతుంది.

నిల్వ ఘాటు తగ్గిస్తుంది, కానీ పండని ఆకును బాగుచేయదు. నేనూ ఒకసారి చవకగా వస్తోందని కక్కుర్తిపడ్డాను. మూడేళ్ల తర్వాత తెరిస్తే అదే గడ్డి వాసన.

అపోహ: మేలైన ఆకైతే హాని లేదు.

ఉంది. పైపు తాగినా నోటి క్యాన్సర్ వస్తుంది.

అపోహ: ఎక్కువ ధర ఇస్తే రైతే పండిస్తాడు.

మాకు కావలసింది కొన్ని చెక్కులు. సిగరెట్ కంపెనీలకు వేల టన్నులు. రైతు ఎవరి మాట వింటాడు? అమెరికాలో వేలంపాట ఉన్న రోజుల్లో చిన్న కొనుగోలుదారు కూడా ఆకు పట్టి చూసి పాడుకునేవాడు. తర్వాత ఒప్పంద సాగు వచ్చింది, ఆకు నేరుగా పెద్ద కంపెనీలకు పోతోంది. 2004 చట్టంతో ఎవరెంత పండించాలన్న కోటాలు, మద్దతు ధర పోయాక చిన్న రైతులు చాలామంది సాగు మానేశారు. కాన్సస్ సిటీలోని పైపు పొగాకు కంపెనీ మెక్‌క్లెలాండ్ 2018లో మూతపడింది. తమకు కావలసిన నాణ్యతలో ఆకు దొరకడం లేదనే చెప్పింది. అది సాకు అన్నవాళ్లున్నారు. ఆకు కొనేవాడిగా నేను నమ్ముతాను.

అపోహ: లటాకియా ఒక పొగాకు రకం.

కాదు, సిరియాలోని రేవు పట్నం పేరు అది. ఓరియంటల్ ఆకును (టర్కీ, గ్రీస్ వైపు పండే చిన్నాకు పొగాకు) కట్టెల పొగలో వారాల తరబడి ఆరబెడితే వచ్చేది లటాకియా. అడవులు తరిగిపోయి కలప మీద ఆంక్షలు వచ్చాక సిరియాలో తయారీ ఆగింది. ఆ తర్వాత సైప్రస్‌లో చేసే లటాకియాయే మాకు దిక్కు. దాని పొగవాసన బరువు. పాత సిరియా రెసిపీలో అదే తూకం వేస్తే మిగతా ఆకుల ఊసే తెలియదు, అందుకే నేను కొంచెం తగ్గించి మొదలుపెడతాను.