ప్రీ సీజన్ స్కోర్లు, మిడ్‌ఫీల్డ్ ఆట: అపోహలు - వాస్తవాలు

గుంటూరులో పిల్లలకు ఫుట్‌బాల్ కోచింగ్ ఇస్తుంటాను. పోటీలకు ముందు, అంటే ప్రీ సీజన్‌లో, విజయవాడ జట్లతో ఫ్రెండ్లీలు (పాయింట్లు లేని సన్నాహక మ్యాచ్‌లు) ఆడిస్తాం. ఆ రోజుల్లో తల్లిదండ్రులు, టీవీలో పెద్ద క్లబ్బుల ఆట చూసే కుర్రాళ్లు ఏటా అవే మాటలంటారు. కొన్నిటికి ఇక్కడ జవాబు రాస్తున్నాను.

అపోహ: ఫ్రెండ్లీలన్నీ గెలిస్తే సీజన్‌లో తిరుగుండదు.

2014 వేసవిలో ఇంగ్లండ్ క్లబ్ మాంచెస్టర్ యునైటెడ్ అమెరికా వెళ్లి లాస్ ఏంజెలెస్ గెలాక్సీని 7-0తో చిత్తు చేసింది. రియల్ మాడ్రిడ్‌ను 3-1తో, ఫైనల్లో లివర్‌పూల్‌ను 3-1తో ఓడించి కప్పు పట్టుకొచ్చింది. తీరా లీగ్ తొలి మ్యాచ్‌లో సొంతగడ్డ మీదే స్వాన్సీ చేతిలో 1-2తో ఓడింది. మరో పది రోజులకు మూడో అంచె జట్టు ఎంకే డాన్స్ 4-0తో లీగ్ కప్ నుంచి ఇంటికి పంపేసింది.

ఇందులో వింతేమీ లేదు. ఫ్రెండ్లీలో కోచ్ హాఫ్ టైమ్‌కి సగం జట్టును మార్చేస్తాడు. ముందురోజు ట్రైనింగ్‌తో రెండు జట్ల కాళ్లూ బరువెక్కి ఉంటాయి. ఎవరూ మీదపడి ప్రెస్ చేయరు కాబట్టి మైదానం మధ్యలో ఆడే మిడ్‌ఫీల్డర్‌కి బాల్ ఆపుకుని, తలెత్తి చూసి, తాపీగా పాస్ ఇచ్చేంత టైమ్ దొరుకుతుంది. అసలు పోటీలో ఆ టైమ్ ఉండదు. అందుకే నేను స్కోరు కంటే, బాల్ పోయిన క్షణాన మిడ్‌ఫీల్డ్‌కీ డిఫెన్స్‌కీ మధ్య ఎంత ఖాళీ మిగిలిందో చూస్తాను. 4-0తో గెలుస్తున్నా ఆ ఖాళీ పెద్దదైతే నాకు టెన్షనే.

అపోహ: పాస్ శాతం (ఇచ్చిన పాస్‌లలో సరిగ్గా చేరినవి) ఎక్కువున్నవాడే మంచి మిడ్‌ఫీల్డర్.

మా జట్టులో ఒక కుర్రాడున్నాడు. బాల్ ఇంకా సెంటర్ బ్యాక్ (డిఫెన్స్ మధ్యలో ఆడేవాడు) దగ్గర ఉండగానే కుడి భుజం మీదుగా ఓసారి, ఎడమ భుజం మీదుగా ఓసారి వెనక్కి చూసుకుంటాడు. బాల్ చేరేసరికి ఒళ్లు సగం తిప్పి, దూరంగా ఉన్న కాలితో అందుకుంటాడు. ఆ ఒక్క టచ్‌తోనే ఎదుటి గోల్ వైపు తిరిగిపోతాడు. ఇంకో కుర్రాడు వెనక ఎవరున్నారో చూడకుండా అదే బాల్ తీసుకుని, ఇచ్చినవాడికే తిరిగి ఇచ్చేస్తాడు. లెక్కలో రెండోవాడికి నూటికి 95 రావచ్చు, జట్టు మాత్రం అడుగు ముందుకు పడదు. గ్యాలరీలో చప్పట్లు పడని ఆ భుజం మీది చూపు మీదే నేను ఎక్కువ పని చేయిస్తాను.

అపోహ: ప్రీ సీజన్ అంటే ఎండలో వాంతి అయ్యేదాకా పరిగెత్తించడమే.

ఈ మాట వింటే నాకు నిజంగా కోపం వస్తుంది. మన దగ్గర జూన్‌లోనూ ఎండ తగ్గదు, పైగా ఉక్కపోత. చెమట ఆరకపోతే ఒళ్లు చల్లబడదు. వేడికి శరీరం అలవాటు పడటానికే సుమారు రెండు వారాలు కావాలి. నీళ్లివ్వకపోతే పిల్లలు గట్టిపడతారనడం ప్రాణాలతో చెలగాటం. 2014 ప్రపంచకప్‌లో నెదర్లాండ్స్-మెక్సికో మ్యాచ్‌నే వేడి కారణంగా మధ్యలో ఆపి ఆటగాళ్లకు నీళ్లు తాగించారు. పిల్లాడు తలనొప్పి అన్నా, మాట తడబడినా వెంటనే ఆట ఆపించి నీడకు తీసుకెళ్లండి, ఒళ్లు తడపండి, ఆస్పత్రికి తీసుకెళ్లండి.

గ్రౌండ్ చుట్టూ రౌండ్లు కొట్టిస్తే మిడ్‌ఫీల్డర్ తయారైపోడు కూడా. పెద్ద స్థాయి మ్యాచ్‌లో అతను 10-12 కిలోమీటర్లు తిరిగే మాట నిజమే. అయితే అందులో నడక, ఆగడం, మలుపు, ఉన్నట్టుండి పరుగు అన్నీ కలిసే ఉంటాయి. గీతలు గీసిన చిన్న చోటులో నలుగురితో నలుగుర్ని ఆడిస్తే ఇవన్నీ బాల్‌తోపాటే వస్తాయి. తెల్లవారుజామున మొదలుపెట్టి, ఎండెక్కేలోపు ముగిస్తే చాలు.

అపోహ: పొట్టివాళ్లు నడిమధ్య నిలవలేరు.

ఫ్రాన్స్ మిడ్‌ఫీల్డర్ కాంటే ఎత్తు 5 అడుగుల 6 అంగుళాలు. 2015-16లో లెస్టర్‌తో, మరుసటి ఏడు చెల్సీతో ఇంగ్లండ్ లీగ్ గెలిచాడు. ఎత్తు చాలదని మీవాణ్ని వింగ్‌లోకి (మైదానం అంచుకు) మార్చమని అడగొద్దు, ఈ సీజన్‌కి మిడ్‌ఫీల్డ్‌లోనే ఆడనివ్వండి.