పాత పెట్రోల్ జీపుకి డీజిల్ ఇంజిన్: అపోహలు – వాస్తవాలు

పాత మహీంద్రా సీజే-3బీ కొన్నవాళ్లు మా షెడ్డుకి రాగానే అడిగే మొదటి ప్రశ్న, హరికేన్ పెట్రోల్ ఇంజిన్ దించేసి తర్వాతి మహీంద్రా జీపు ఎంఎం 540లో వచ్చిన ప్యూజో డీజిల్ ఎక్కించొచ్చా అని. ఎక్కించొచ్చు. అలా మార్చిన జీపులు రోడ్ల మీద చాలానే ఉన్నాయి. అయితే ఈ పని గురించి నలుగురూ చెప్పే మాటలు నమ్మి డబ్బు పోగొట్టుకుని, చివరికి జీపుని మూలన పెట్టేసినవాళ్లూ ఉన్నారు. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: డీజిల్ పెడితే బండికి బలం పెరుగుతుంది.

హరికేన్ 2.2 లీటర్ల ఇంజిన్, 70 హార్స్‌పవర్ పైనే ఇస్తుంది. ప్యూజో ఎక్స్‌డీపీ 4.90 డీజిల్ 2,112 సీసీ, 62 హార్స్‌పవర్. కాగితం మీద తగ్గిందే గానీ పెరగలేదు. మీకు కలిసొచ్చేది మైలేజీ. బలమే కావాలంటే తర్వాత వచ్చిన 2,498 సీసీ ఎక్స్‌డీ3పీ చూసుకోండి.

అపోహ: ఇంజిన్ మారితే హైవే మీద హాయిగా 100లో పోవచ్చు.

సీజే-3బీ క్రౌన్ పినియన్ (ఇరుసులో చక్రాలను తిప్పే పళ్ల జత) రేషియో 5.38. అంటే చక్రం ఒక చుట్టు తిరగడానికి టాప్ గేరులో ఇంజిన్ 5.38 చుట్లు తిరగాలి. పొలాల్లో, ఘాట్లలో లాగడానికి పెట్టిన రేషియో అది. 6.00-16 టైర్లతో టాప్ గేరులో 80 స్పీడుకే ఇంజిన్ దాదాపు 3,150 ఆర్‌పీఎం తిరుగుతుంది. 100 అంటే 3,900 దాటుతుంది. ఏ ఇంజిన్ పెట్టినా ఈ లెక్క మారదు. మారాలంటే ఓవర్‌డ్రైవ్ (అదే స్పీడుకి ఇంజిన్ తక్కువ తిరిగేలా చేసే పై గేరు) ఉన్న ఐదు గేర్ల బాక్స్ వేయాలి, లేదా క్రౌన్ పినియన్ మార్చాలి. ఫోర్‌వీల్ బండి కాబట్టి ముందు, వెనక రెండింటికీ ఒకే రేషియో ఉండాలి. వెనకది ఒక్కటే మార్చి ఫోర్‌వీల్ వేస్తే, ఇంజిన్ బలాన్ని ముందు, వెనక ఇరుసులకి పంచే ట్రాన్స్‌ఫర్ కేస్ దెబ్బతింటుంది.

స్పీడు పెంచే ముందు బ్రేకులు చూడండి. పాతవి 9 అంగుళాల డ్రమ్ములు, ఆయిల్ లైను ఒకటే సర్క్యూట్. ఎక్కడ లీకైనా నాలుగు చక్రాలకూ బ్రేకు పోతుంది.

అపోహ: ఇంజిన్‌కీ గేర్ బాక్స్‌కీ మధ్య అడాప్టర్ ప్లేటు కోయించుకుంటే ఏ గేర్ బాక్స్ అయినా కూర్చుంటుంది.

కూర్చోవడం వేరు, సెంటర్ కుదరడం వేరు. ఎక్కువ బండ్లు చెడేది ఇక్కడే. బోల్టులన్నీ చక్కగా పడతాయి, క్లచ్ కూడా పని చేస్తుంది, ఓనరు సంతోషంగా తీసుకెళ్తాడు. కొన్నాళ్లకి గేరు దానంతటదే వదిలేస్తుంటుంది, క్లచ్ ప్లేటు మధ్యలో పళ్లు అరిగిపోతాయి. ఇంజిన్ క్రాంక్ (ఇంజిన్‌లో తిరిగే ప్రధాన షాఫ్ట్), గేర్ బాక్స్ లోపలికి వెళ్లే ఇన్‌పుట్ షాఫ్ట్ ఒకే గీతలో లేకపోతే ఇలాగే అవుతుంది. బిగించే ముందు ఫ్లైవీల్‌కి (క్రాంక్ చివరనుండే బరువైన చక్రం) డయల్ గేజ్ (సన్నని కదలికని ముల్లుతో చూపే కొలత పరికరం) పట్టించి, గేజ్ కొసను బెల్ హౌసింగ్ (క్లచ్‌ని కప్పే డబ్బా) మధ్య రంధ్రం లోపలి అంచుకి ఆనించి, క్రాంక్‌ని చేత్తో పూర్తిగా ఒక చుట్టు తిప్పాలి. ముల్లు కదలిక మొత్తం 0.13 మిల్లీమీటర్లు దాటితే ప్లేటు మళ్లీ సరిచేయాల్సిందే. ‘పర్లేదు, నడుస్తూ సెట్ అవుతుంది’ అనే మెకానిక్ దగ్గర ఈ పని చేయించకండి.

రెండోది పొడవు. ఈ జీపు వీల్‌బేస్ 80 అంగుళాలే. కొత్త గేర్ బాక్స్ నాలుగు అంగుళాలు పొడవుంటే ట్రాన్స్‌ఫర్ కేస్ అంత వెనక్కి జరుగుతుంది. అక్కడి నుంచి వెనక ఇరుసుకి వెళ్లే, అసలే పొట్టిగా ఉన్న ప్రొపెల్లర్ షాఫ్ట్ ఇంకా పొట్టిదై, వాలు నిటారవుతుంది, షాఫ్ట్ చివర్ల జాయింట్ క్రాసులు తరచూ పోతాయి. పైగా పాత ట్రాన్స్‌ఫర్ కేసులో వెనక్కి వెళ్లే షాఫ్ట్ కుడి పక్క నుంచి వస్తుంది, వెనక డిఫరెన్షియల్ (ఇరుసు మీది గేర్ల డబ్బా) కూడా కుడివైపుకే ఉంటుంది. మధ్య నుంచి షాఫ్ట్ వచ్చే ట్రాన్స్‌ఫర్ కేస్ పెడితే వెనక ఇరుసు హౌసింగ్ కూడా మార్చాల్సి వస్తుంది. అందుకే టేపు పెట్టి పొడవు కొలిచాకే గేర్ బాక్స్ కొనండి.

అపోహ: మిగతావన్నీ చిన్న పనులే.

పాత వైపర్లు వ్యాక్యూమ్‌తో, అంటే ఇంజిన్ గాలి పీల్చే పైపులోని (మానిఫోల్డ్) లాగుడుతో నడుస్తాయి. ఈ డీజిల్‌కి పెట్రోల్ ఇంజిన్‌లా మానిఫోల్డ్ వ్యాక్యూమ్ ఉండదు. మొదటి వానకే అద్దం కనిపించక టెన్షన్ పడతారు. కరెంటు వైపర్లు వేయించండి. ఇంజెక్టర్ల నుంచి మిగిలిన డీజిల్ తిరిగి ట్యాంకులోకి వెళ్లడానికి రిటర్న్ పైపు కావాలి, పెట్రోల్ ట్యాంకుకి అది ఉండదు. మొదటి జీపుల్లోని 6 వోల్టుల వైరింగ్ పనికిరాదు. ఇంజిన్ ఆపడానికి స్టాప్ కేబులో సోలినాయిడో పెట్టాలి. కొత్త ఇంజిన్ బరువుకి ముందు కమాన్ పట్టీలు దిగుతాయేమో కూడా చూసుకోవాలి.

అపోహ: యాభై ఏళ్లు దాటింది కదా, వింటేజ్ నంబరు ఎలాగూ వస్తుంది.

2021లో కేంద్రం తెచ్చిన వింటేజ్ రిజిస్ట్రేషన్ నిబంధనల ప్రకారం బండి 50 ఏళ్లు దాటి ఉండటంతో పాటు ఛాసిస్, బాడీ, ఇంజిన్ మార్పులు లేకుండా అసలు రూపంలో ఉండాలి. డీజిల్ ఎక్కించిన రోజే ఆ దారి మూసుకుపోతుంది. మామూలు ఆర్సీతో నడిపేవాళ్లు కూడా ఇంజిన్ విప్పకముందే ఆర్టీఓ ఆఫీసుకి వెళ్లాలి. ఆర్సీలో ఇంజిన్ నంబరు, ఇంధనం రెండూ ఉంటాయి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 మార్పులకు పరిమితులు పెట్టింది. అనుమతి లేకుండా మార్చేస్తే యాక్సిడెంట్ అయినప్పుడు ఇన్సూరెన్స్ దగ్గర ఇబ్బంది పడతారు.

హరికేన్ బ్లాకు పగలకుండా, నంబరు చెదరకుండా ఉంటే నేను దాన్నే రీబోర్ (అరిగిన సిలిండర్లను మళ్లీ తొలిపించడం) చేయించుకోమంటాను. బ్లాకు పోయిన జీపుకే డీజిల్ గురించి ఆలోచిస్తాను. అప్పుడు కూడా దించిన ఇంజిన్, గేర్ బాక్స్ పాత ఇనుముకి అమ్మకుండా ఆయిల్ పట్టించి దాచమంటాను.