అరవై అయిదేళ్లు నిండిన తర్వాత

అమెరికాలో 65 ఏళ్లు నిండినవారికి మెడికేర్ అనే ప్రభుత్వ ఆరోగ్య బీమా అందుతుంది. అంతవరకు బీమా లేక నొప్పిని పంటి బిగువున ఓర్చుకున్న నల్లజాతి కార్మికుడికి అదెంత ఊరటో వేరే చెప్పాలా?

64 ఏళ్ల మనిషికీ 66 ఏళ్ల మనిషికీ ఒంట్లో పెద్ద తేడా ఉండదు. బీమాలోనే తేడా. ఆర్థికవేత్తలు డేవిడ్ కార్డ్, కార్లోస్ డాబ్కిన్, నికోల్ మయెస్టాస్ 2008లో ప్రచురించిన పరిశోధనకు ఇదే ఆధారం. 65 దాటగానే డాక్టరుకు చూపించుకోవడం అంతకుముందు బీమా అంతగా లేని వర్గాల్లోనే ఎక్కువగా పెరిగింది. బైపాస్, మోకాలి కీలు మార్పిడి వంటి ఖరీదైన ఆపరేషన్లు మాత్రం తెల్లవారిలో, బాగా చదువుకున్నవారిలో ఎక్కువగా పెరిగాయి. మెడికేర్ ఉన్నా డాక్టరు ఫీజులో సాధారణంగా 20 శాతం రోగే కట్టుకోవాలి. ఆ భారం మోయడానికి మరో బీమా ఎక్కువగా ఉన్నది వీరికే.

డబ్బు ఒక్కటే అడ్డమైతే బాగుండేది. అలబామాలోని టస్కీగీలో 1932 నుంచి 1972 వరకు ప్రభుత్వ వైద్యులు సిఫిలిస్ అనే సుఖవ్యాధి ఉన్న 399 మంది నల్లజాతి పురుషులకు వైద్యం చేయకుండా, రోగం ఎలా ముదురుతుందో గమనిస్తూ కూర్చున్నారు. దాన్ని నయం చేసే పెన్సిలిన్ వచ్చాక కూడా ఇవ్వలేదు. ఇంతటి ద్రోహం బయటపడ్డాక వయసు మళ్లిన నల్లజాతి పురుషులు ఆసుపత్రి గడప తొక్కడం తగ్గించారని తర్వాతి పరిశోధకులు అంచనా కట్టారు. వాళ్లను మూర్ఖులనడానికి నాకు నోరు రాదు.

మరి ఆ నమ్మకాన్ని మళ్లీ ఎక్కడ వెతకాలి? లాస్ ఏంజెలెస్‌లో రోనాల్డ్ విక్టర్ అనే గుండె వైద్యుడి బృందం సెలూన్లకు వెళ్లింది. 52 సెలూన్లు, రక్తపోటు అదుపులో లేని 319 మంది నల్లజాతి పురుషులు, వారి సగటు వయసు 54. సుమారు సగం సెలూన్లకు ఫార్మసిస్టులే వచ్చి, ఏళ్లుగా అలవాటైన ఆ చోటే బీపీ చూసి, డాక్టర్లతో కుదిరిన ఒప్పందం ప్రకారం మందులు రాశారు. ఆరు నెలల్లో పై అంకె సగటున 27 పాయింట్లు దిగింది. మిగతా సెలూన్లలో జుట్టు కత్తిరించేవారు డాక్టరు దగ్గరికి వెళ్లమని నచ్చజెప్పారు. అక్కడ దిగింది 9 పాయింట్లు.