కుక్క రింగ్‌లో ఎందుకు కూర్చుంటుంది?

ఇంటికి కుక్కపిల్ల రాగానే మనవాళ్లు మొట్టమొదట నేర్పేది ‘సిట్’. చుట్టాలొస్తే చూపించుకోవడానికి బాగానే ఉంటుంది. ఆ పిల్లను రేపు కుక్కల షోకు తీసుకెళ్లే ఆలోచన ఉంటే మాత్రం ఆ ఒక్క మాటే కాళ్లకు అడ్డం పడుతుంది. రింగ్‌లో, అంటే పోటీ జరిగే బరిలో, జడ్జి ముందు కుక్క నిలబడాలి. కుక్కను నడిపించే హ్యాండ్లర్ ఆగి చేతిలో తిండి చూపించగానే అది చతికిలబడిందంటే తప్పు దానిది కాదు. మనిషి ఆగడం, చేతిలో తిండి కనబడటం, తాను కూర్చోవడం, తిండి నోట్లో పడటం. ఈ వరుసను నెలల తరబడి ఇంట్లోనే నూరిపోసి ఉంటారు. అందుకే షో పిల్లకు ముందు నిలబడటం నేర్పాలి. ‘సిట్’ అలవాటు ఏడాది తర్వాత చేసినా కొంప మునగదు.

నల్లగొండ, మహబూబ్‌నగర్ వైపు ఇప్పుడు ల్యాబ్రడార్లు, జర్మన్ షెపర్డ్‌లు, పగ్‌లు చిన్న ఊళ్లలోనూ కనిపిస్తున్నాయి. షో అంటే ఎక్కువగా హైదరాబాద్ బండెక్కాల్సిందే. చెన్నై కేంద్రంగా ఉన్న కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా నియమాల ప్రకారం నడిచే షోలకు ఆ సంస్థ రిజిస్ట్రేషన్ కాగితాలు, మైక్రోచిప్ సరిచూసుకోకుండా బయల్దేరడం దండగ. లోపల ఏ కుక్క ముద్దుగా ఉందన్నది లెక్కలోకి రాదు. ప్రతి జాతికీ రాసిపెట్టిన ప్రమాణం ఉంటుంది, దానికి ఏది దగ్గరగా ఉందో జడ్జి చూస్తారు. మొదట అందరూ కలిసి గడియారం ముల్లుకు ఎదురుదిశలో చుట్టు తిరుగుతారు. కుక్క హ్యాండ్లర్ ఎడమ పక్కన, అంటే మధ్యలో నిలబడ్డ జడ్జి వైపు ఉంటుంది. తర్వాత ఒక్కొక్కటిగా పళ్లు చూస్తారు, ఒళ్లంతా చేత్తో తడుముతారు, మగ కుక్కయితే వృషణాలు రెండూ కిందికి దిగాయో లేదో చూస్తారు, చివరికి నడిపించమంటారు. ఒక్కో కుక్కకు దొరికేది రెండు మూడు నిమిషాలు.

నిలబడటం నేర్పడానికి కావలసింది సన్నని లీడ్ (మెడకు వేసే పట్టీ తాడు), కందిగింజంత తిండి ముక్కలు, ఆకలిగా ఉన్న కుక్కపిల్ల. కోడి కాలేయాన్ని ఉప్పు, ఉల్లిగడ్డ లేకుండా ఉడికించి, ముక్కలు కోసి, సన్నని సెగ మీద పెనంపై ఆరబెడితే చేతికి అంటదు, జేబు పాడవదు. ఉల్లి, ఎల్లిపాయ కుక్క రక్తకణాలను దెబ్బతీస్తాయి కాబట్టి కూరలోంచి తీసిన ముక్క పనికిరాదు. కాలేయంలో విటమిన్ ఎ ఎక్కువ. ఇలా ఆశ చూపే తిండి, అంటే బెయిట్, మొత్తం కలిపినా రోజు తిండిలో పదో వంతు దాటకూడదు.

ముక్కను కుక్క ముక్కుకు సూటిగా, అదే ఎత్తులో పట్టుకుని నెమ్మదిగా ముందుకు జరపండి. అది ఒకటి రెండు అడుగులు వేసి ఆగుతుంది. నాలుగు కాళ్లూ నేల మీద కదలకుండా ఉన్న ఆ క్షణాన ‘ఎస్’ అనండి, వెంటనే ముక్క ఇవ్వండి. చెయ్యి ముక్కు కన్నా పైకి లేస్తే తల పైకి లేస్తుంది, నడుము కిందికి పోతుంది, కూర్చుంటుంది. చెయ్యి మరీ కిందికి ఉంటే మెడ వంగి వీపు గీత చెడిపోతుంది. మొదటి రోజుల్లో రెండు సెకన్లు నిలబడితే చాలు. అయిదు, పది, ముప్పై అంటూ మెల్లగా పెంచుకుంటూ పోవాలి. ఒక్కో విడత రెండు మూడు నిమిషాలకు మించొద్దు, రోజుకు రెండు మూడు విడతలు, అదీ తిండికి ముందు.

ఆ ‘ఎస్’ అన్న మాటలోనే శాస్త్రమంతా ఉంది. జీర్ణక్రియ మీద చేసిన పనికి 1904లో నోబెల్ బహుమతి అందుకున్న రష్యన్ శాస్త్రవేత్త పావ్లోవ్, తిండికి ముందు ప్రతిసారీ వచ్చే సంకేతానికే కుక్క నోట్లో లాలాజలం ఊరుతుందని చూపించాడు. మన మాట కూడా అలాంటి సంకేతమే. ఫొటో తీసినట్టు అది ఒక క్షణాన్ని పట్టుకోవాలి. ఒక్క సెకను ఆలస్యమైతే ఆలోపు కుక్క కాలు ఎత్తి ఉంటుంది, మెప్పు ఆ ఎత్తిన కాలికి పోతుంది. ఇంకో పొరపాటు ఇంతకన్నా ఎక్కువగా కనిపిస్తుంది: మాట రాకముందే చెయ్యి జేబులోకి పోవడం. అప్పుడు కుక్క మాటను వదిలేసి జేబునే చూస్తుంది. రింగ్ బయట నిలబడి చూస్తే ఇలా జేబు వైపు మెడ తిప్పిన కుక్కలు వరుసగా కనబడతాయి.

కాళ్లు చేత్తో సర్దడాన్ని స్టాక్ చేయడం అంటారు. ఒళ్లు తాకితే ఊరుకోవడం కుక్కకు అలవాటయ్యాకే దీని జోలికి వెళ్లాలి. ముందుకాలిని పాదం దగ్గర పట్టుకుంటే ఏ కుక్కయినా వెనక్కి లాక్కుంటుంది. మోచేతి దగ్గర పట్టుకుని కొద్దిగా ఎత్తి, భుజం కింద నిట్టనిలువుగా దించాలి. ఎడమ కాలు సర్దాలంటే ముందు లీడ్ ఉన్న చేత్తో తలను కొంచెం కుడికి తిప్పండి. బరువు కుడి కాలి మీదికి పోయి ఎడమ కాలు తేలికవుతుంది, బలవంతం అక్కర్లేదు. వెనుక కాలిని మోకాలి దగ్గర పట్టుకుని, మడమ కీలు నుంచి పాదం దాకా ఉన్న ఎముక నేలకు నిలువుగా వచ్చేలా పెట్టాలి. జర్మన్ షెపర్డ్‌కు మాత్రం ఒక వెనుక కాలు వెనక్కి, రెండోది పొట్ట కిందికి వస్తాయి. చాలా జాతులకు ఈ పద్ధతి తప్పు. ఇంటర్నెట్‌లో షెపర్డ్ ఫొటో చూసి ల్యాబ్‌ను అలాగే సాగదీసేవాళ్లున్నారు. వెనుక కాళ్లు అతిగా లాగితే నడుము కుంగుతుంది, ఉన్న మంచి వీపు కూడా లోపంగా కనిపిస్తుంది.

సర్దాక కుక్క వెనక్కి వాలుతుంటే ముందుకు గుంజకండి. తోసిన వైపుకు ఎదురు తోయడం దాని ఒంటి తీరు. అందుకే అనుభవమున్నవాళ్లు తోక మొదట్లో వేళ్లు పెట్టి కొద్దిగా వెనక్కి లాగినట్టు చేస్తారు. కుక్క తనంతట తానే ముందుకు వాలి, నాలుగు కాళ్ల మీద నిండుగా నిలబడుతుంది. వీపు మీద చెయ్యి పెట్టి నొక్కితే కూడా అంతే, పైకి నెడుతుంది. పెద్ద అద్దం ఉంటే దాని ముందు, లేదంటే పక్క నుంచి ఫోన్ వీడియో పెట్టి సాధన చేయండి. పైనుంచి వంగి చూసే మనిషికి కుక్క పక్కరూపం ఎప్పుడూ సరిగ్గా కనిపించదు, జడ్జికి కనిపించేది అదే.

పళ్ల పరీక్షకు నోరు తెరవాల్సిన పని చాలా జాతుల్లో ఉండదు. దవడలు మూసే ఉంచి పెదవులు ఎత్తి, ముందు పళ్లు ఎలా కలుస్తున్నాయో చూపించాలి. చాలా జాతుల్లో పై పళ్లు తమ లోపలి వైపుతో కింది పళ్లను తాకుతూ వాటిని బయటి నుంచి కప్పాలి. తర్వాత రెండు పక్కలా చూపించాలి. పెద్ద కుక్కకు మొత్తం 42 పళ్లు, పాలపళ్లు 28. పళ్లు మారే నాలుగు నుంచి ఏడు నెలల మధ్య చిగుళ్లు నొప్పిగా ఉంటాయి. ఆ రోజుల్లో గట్టిగా పట్టుకుని చూస్తే, తర్వాత జన్మంతా జడ్జి చెయ్యి చూడగానే తల విదిలిస్తుంది. పెదవి ఎత్తి, ‘ఎస్’ అని, ముక్క ఇచ్చి వదిలేయండి. ఆ నెలల్లో అంతే చాలు. తెలిసిన వాళ్లు, తెలియని వాళ్లు, టోపీ పెట్టుకున్న వాళ్లు, కళ్లద్దాల వాళ్లు వచ్చి తాకడం కూడా అలవాటు కావాలి. కుక్కపిల్ల లోకాన్ని భయం లేకుండా చూసే వయసు మూడో వారం నుంచి పన్నెండు, పద్నాలుగు వారాల దాకా. టీకాలు పూర్తికాని ఆ రోజుల్లో నేల మీద దించకుండా ఎత్తుకుని బస్టాండుకో, అంగడికో తీసుకెళ్తే చాలు.

నడక దగ్గరికి వస్తే, రింగ్‌లో కావలసింది ట్రాట్. ముందు ఎడమ కాలు, వెనుక కుడి కాలు ఒకేసారి లేస్తాయి, తర్వాత మిగతా రెండు. వేగం పెరిగేకొద్దీ బరువు అటూ ఇటూ ఊగకుండా పాదాలు ఒంటి మధ్యగీత వైపు చేరతాయి. ఒకే పక్క కాళ్లు రెండూ కలిసి కదిలితే అది పేసింగ్, ఒళ్లు పడవలా ఊగుతుంది. అలసట, ఒంటి మీద కొవ్వు, బిగించిన లీడ్, మరీ నెమ్మది నడక, ఇవే ఎక్కువసార్లు కారణాలు. లీడ్‌తో తలను కొద్దిగా పక్కకు తిప్పి, ఒక్కసారి ఆపి, కాస్త వేగంగా మొదలుపెడితే కాళ్లు మారతాయి. ఎంత చేసినా మారకపోతే నడుములోనో తుంటిలోనో నొప్పి ఉందేమో పశువైద్యుడికి చూపించాలి.

లీడ్ చెవుల వెనుక, దవడ కింద ఉండాలి, చేతికీ మెడకూ మధ్య కొద్దిగా వదులు ఉండాలి. పైకి గుంజి పట్టుకుంటే ముందుకాళ్లు నేలకు సగం బరువుతోనే తాకుతాయి, భుజం ఎంత ముందుకు సాగుతుందో జడ్జికి తెలియదు. ప్రతి కుక్కకూ తనదైన వేగం ఒకటుంటుంది. స్లోమోషన్ వీడియోలో వెనుక పాదం ముందు పాదం వదిలిన చోటికి దగ్గరగా పడుతోందా, వీపు నిలకడగా ఉందా చూస్తే ఆ వేగం దొరుకుతుంది. హ్యాండ్లర్ తన అడుగును దానికి సరిపెట్టుకోవాలి. జడ్జి ‘పోయి రండి’ అంటే పోయేటప్పుడు వెనుక కాళ్లు, వచ్చేటప్పుడు ముందుకాళ్లు చూస్తున్నట్టు. అందుకే గీత గీసినట్టు నేరుగా నడపాలి. సాధనకు సిమెంటు రోడ్డు కన్నా చెల్క నేల మేలు, పల్లేరు ముళ్లు లేకపోతే.

కండ పట్టాలంటే మెల్లగా, క్రమంగా ట్రాట్ చేయించాలి. పెద్ద జాతుల్లో ఎముక చివరి ఎదుగుదల పొరలు మూసుకోవడానికి ఏడాది నుంచి ఏడాదిన్నర పడుతుంది. అంతకుముందు సైకిల్ వెంట ఉరికిస్తే కీళ్లు పాడవుతాయి.

ఇక మన ఎండ. కుక్క మామూలు ఒంటి వేడి 38.3 నుంచి 39.2 డిగ్రీల సెల్సియస్. చెమట పాదాల్లో కొద్దిగా, మిగతా చల్లదనమంతా రొప్పడం వల్లే. నల్లగొండలో మే నెల ఎండ 43 దాటినప్పుడు ఆ రొప్పుడు సరిపోదు, ముక్కు కురచగా ఉండే పగ్‌కు అసలే సరిపోదు. ఎండాకాలం సాధన పొద్దుగాల ఎండ పొడవక ముందే ముగించాలి. అరచేతి వెనుక భాగం తారు మీద అయిదు సెకన్లు ఆనించలేకపోతే కుక్క పాదాలూ ఆనవు. నాలుక ముదురు ఎరుపెక్కి, చొంగ చిక్కబడి, నడక తూలితే అది వడదెబ్బ. నీడకు చేర్చి ఒళ్లంతా నీళ్లు పోస్తూ ఫ్యాన్ పెట్టాలి, వెంటనే డాక్టర్ దగ్గరికి పోవాలి. తడి తువ్వాల కప్పి వదిలేస్తే వేడి లోపలే ఉండిపోతుంది.

నీళ్ల సంగతి ఇంకా చెప్పుకోవాలి, ఎందుకంటే ఈ వైపు షో కుక్కల కోట్, అంటే ఒంటి వెంట్రుకలు, నిర్జీవంగా ఉండటానికి సగం కారణం బోరు నీళ్లే. వాటిలోని కాల్షియం, మెగ్నీషియం సబ్బుతో కలిసి కరగని మడ్డిగా మారి వెంట్రుకలకు పట్టుకుంటాయి. ఎంత కడిగినా జిగటగా, మసకగా కనిపిస్తుంది. సబ్బు బిళ్లలు మానేసి కుక్కల షాంపూ వాడండి. కుక్క చర్మం దాదాపు తటస్థం, మనది ఆమ్ల గుణం, కాబట్టి మన షాంపూ దానికి సరిపడదు. చివరి కడుగుకు ఒక బకెట్ వాన నీళ్లో, మిషన్ భగీరథ నల్లా నీళ్లో, ఆర్‌ఓ నీళ్లో పెట్టుకుంటే తేడా అదే రోజు కనిపిస్తుంది. పట్టులాంటి పొడుగు వెంట్రుకల జాతులకు షోకు ముందురోజు స్నానం. గరుకు, దట్టమైన కోట్ ఉన్నవాటికి రెండు మూడు రోజుల ముందే, వెంట్రుకల బిగి తిరిగి రావాలి కదా.

తాగే నీళ్లలో ఫ్లోరైడ్ మన నల్లగొండ జిల్లా పాత శత్రువు. భారత ప్రమాణం లీటరుకు 1 మిల్లీగ్రాము, వేరే దారి లేకపోతే 1.5. పళ్లు ఏర్పడే వయసులో అంతకు మించి తాగితే పిల్లల పళ్ల మీద మచ్చలొచ్చినట్టే కుక్కపిల్లల ఎనామెల్ కూడా దెబ్బతింటుంది. కాచితే ఫ్లోరైడ్ పోదు, నీళ్లు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. డిస్టెంపర్ అనే వైరస్ జబ్బు సోకి బతికిన కుక్కపిల్లలకూ పళ్లు ఇలాగే గుంతలు పడతాయి, కాబట్టి మచ్చ చూడగానే నీళ్లనే తిట్టకుండా టీకాల కార్డు కూడా తీసి చూడాలి.

గోమార్లకు వేసే చుక్కల మందు స్నానంతో కొట్టుకుపోకుండా షోకు కనీసం వారం ముందే వేయాలి. గోమార్లు అంటించే ఎర్లీషియా జ్వరంతో ఒంట్లో రక్తం తగ్గిపోతుంది. చిగుళ్లు పాలిపోయి, తిండి తగ్గిన కుక్క కోట్‌ను ఏ షాంపూ మెరిపించదు.

విదేశీ జాతుల మోజులో మన పక్కనే ఉన్న ముధోల్ హౌండ్‌ను మరవొద్దు. కర్ణాటకలోని బాగల్‌కోట్ జిల్లా దాని సొంతగడ్డ, కెన్నెల్ క్లబ్ దాన్ని కారవాన్ హౌండ్ అంటుంది. 2005లో తపాలా శాఖ బిళ్లల మీదికెక్కిన నాలుగు దేశీ జాతుల్లో ఇదొకటి. మన ఎండకు అలవాటుపడ్డ ఒళ్లు, కురచ వెంట్రుకలు, స్నానం బాధ తక్కువ. కానీ కొత్తవాళ్లు తాకితే బిగుసుకుపోతుంది, గద్దిస్తే ముడుచుకుంటుంది. దానికి సాధనలో ముప్పాతిక వంతు కొత్త చేతుల అలవాటే.

షో ముందురాత్రి తేలికగా పెట్టి, షో నాడు పొద్దున ఖాళీ కడుపుతో బండెక్కించండి. నల్లగొండ నుంచైనా, మహబూబ్‌నగర్ నుంచైనా హైదరాబాద్ సుమారు వంద కిలోమీటర్లు. రింగ్ సమయానికి రెండు గంటల ముందు చేరితే కుక్క ఆ చప్పుడుకు, వాసనలకు సర్దుకుంటుంది. ఇంటి నీళ్లే సీసాల్లో తీసుకెళ్లండి, కొత్త నీళ్లతో కడుపు చెడితే ఆ రోజు అయిపోయినట్టే. అద్దాలు మూసిన కారులో పది నిమిషాల్లోనే వేడి పది డిగ్రీల దాకా పెరుగుతుంది, చలికాలం మధ్యాహ్నమైనా సరే, లోపల వదలొద్దు. తిరిగొచ్చాక వేళ్ల మధ్య, చెవుల లోపల గోమార్ల కోసం వెతకండి. ఇంట్లో టీకాలు పూర్తికాని కుక్కపిల్లలుంటే ఈ కుక్కను పది పదిహేను రోజులు విడిగా ఉంచండి. వందల కుక్కలు దగ్గిన చోటు నుంచి వచ్చింది కదా, పొడి దగ్గు మొదలైతే ఆ రోజుల్లోనే బయటపడుతుంది.