పది సెకన్లలో పన్నెండు మీటర్లు

ముసలితనం ఆరోగ్యంగా గడవాలంటే సమాజం ముందుగా దేని మీద ఖర్చు పెట్టాలని ఒక పాఠకుడు అడిగారు. ఎవరిని అడిగితే వారి జవాబు వారిది. వైద్యులు రక్తపోటు అంటారు, జీవశాస్త్రవేత్తలు కణాల వార్ధక్యం అంటారు, ఆర్థిక శాఖ పింఛను లెక్కలు తీస్తుంది. నేనైతే రోడ్డు దాటే సిగ్నలు అంటాను. నవ్వకండి, లెక్క చూడండి.

పాదచారి సెకనుకు 1.2 మీటర్లు నడుస్తాడన్నది ట్రాఫిక్ ఇంజనీర్లు చాలాకాలంగా వాడుతున్న అంచనా. ఇంగ్లండులో 65 దాటినవారి నడకపై 2012లో వెలువడిన అధ్యయనంలో తేలిన సగటు మాత్రం పురుషులకు 0.9, స్త్రీలకు 0.8. పన్నెండు మీటర్ల రోడ్డుకు ఇంజనీరు లెక్కలో పది సెకన్లు చాలు. 0.8 వేగంతో నడిచే పెద్దావిడ ఆ పది సెకన్లలో ఎనిమిది మీటర్లే దాటుతారు. మిగతా నాలుగు మీటర్లు ఏ శాఖవి?

కండరాలవి అంటారు వైద్యులు. నిజమే. వెన్నుపాములో కండరాలను కదిలించే నాడీకణాలు వయసుతోపాటు కొన్ని చనిపోతాయి. దిక్కులేకుండా పోయిన కండరపు పోగుల్లోకి పక్క నాడి కొమ్మలు చాస్తుంది. ఆ నాడి తరచు నిదానం రకానిది కావడంతో, వేగంగా ముడుచుకునే పోగు కాస్తా నిదానం పోగుగా మారుతుంది. ఏ నాడీ అందని పోగు చిక్కిపోతుంది. అందుకే బలంకన్నా చురుకుదనం ముందు తగ్గుతుంది. కుర్చీలోంచి లేవగలరు, చప్పున లేవలేరు.

దీనికి విరుగుడు బరువులతో వ్యాయామం. వృద్ధాశ్రమంలోని వందమంది బలహీనులతో, సగటున 87 ఏళ్లవారితో, పది వారాలు చేసిన ప్రయోగం ఫలితాలు 1994లో వచ్చాయి. వ్యాయామం చేసినవారి కండరబలం రెట్టింపు దాటింది, నడక వేగం సుమారు 12 శాతం పెరిగింది. 1889లో బ్రౌన్ సెకార్ అనే పేరున్న శరీరధర్మ శాస్త్రవేత్త జంతువుల వృషణాల రసం ఎక్కించుకుని యవ్వనం వచ్చిందని ప్రకటించాడు. అలాంటి సూదులకు, చూర్ణాలకు ఇప్పటికీ గిరాకీ ఉంది. డంబెల్ ఎత్తమంటే మాత్రం ఎవరూ వినరు!

ఆ 12 శాతం మన పెద్దావిడకూ దక్కిందనుకుందాం. పది సెకన్లలో తొమ్మిది మీటర్లు. ఇంకా మూడు మిగిలాయి. వ్యాయామం వదిలేసి సిగ్నలును మారుద్దాం. సిగ్నళ్ల లెక్కలో వాడే నడక వేగాన్ని అమెరికా 2009లో సెకనుకు సుమారు 1.07 మీటర్లకు తగ్గించింది. అలా చూస్తే మన రోడ్డుకు పదకొండు సెకన్లకు కాస్త ఎక్కువ దొరుకుతుంది. పాత వేగంతోనే నడిస్తే మళ్లీ తొమ్మిది మీటర్లే. రెండూ కలిపితే పది. వైద్యులు, ఇంజనీర్లు తమ తమ పని చక్కగా చేసినా ఆవిడ రెండు మీటర్ల దూరంలో వాహనాల మధ్య నిలబడి ఉంటారు.

సింగపూర్ 2009లో మరో దారి పట్టింది. వృద్ధులు తమ కార్డును సిగ్నలు స్తంభానికి తాకిస్తే, రోడ్డు వెడల్పును బట్టి 3 నుంచి 13 సెకన్లు అదనంగా వస్తాయి. మన లెక్కకు ఐదు చాలు. రోడ్డు మధ్య ఆగడానికి ఒక దిమ్మె కట్టినా సరిపోతుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015 నివేదిక చెప్పింది ఇదే. తమకు విలువైన పనులు తాము చేసుకోగలగడమే ఆరోగ్యకరమైన వృద్ధాప్యం. అందులో దేహశక్తి ఒక భాగం, పరిసరాలు మరో భాగం. ఐక్యరాజ్యసమితి 2021 నుంచి 2030 దాకా ఒక దశాబ్దాన్నే దీనికి కేటాయించింది. అయినా ప్రతి శాఖా తన కొలబద్దకు అందినదాన్నే ముందు వరసలో పెడుతుంది. రవాణా శాఖ ప్రమాదాలను లెక్కిస్తుంది. భయపడి బయటికి రావడం మానేసినవారు ప్రమాదాల పట్టికలో ఉండరు, కాబట్టి ఆ రోడ్డు కాగితం మీద సురక్షితం. ఇంట్లో కూర్చున్న కాళ్లు ఇంకా నీరసిస్తాయి, ఆ నష్టం ఆసుపత్రి ఖాతాలోకి వెళుతుంది. ఈ మధ్య ఏ రోడ్డు దాటడం మానేశారని వాళ్ల ఇళ్లకు వెళ్లి అడిగితే తప్ప ఈ రెండు ఖాతాలూ కలవవు.