మంచు పైనుంచి పడదు

కార్తీకం వచ్చాక కూడా వాకిట్లో మంచం వేసుకుంటే మా అమ్మ కేకలేసేది, “మంచు పడుతుందిరా, పందిట్లోకి లాక్కో” అని. నిజంగానే వాకిట్లో పడుకున్నవాడి దుప్పటి తెల్లారేసరికి తడిసిపోయేది, పందిట్లోవాడిది పొడిగా ఉండేది. పైనుంచి పడే మంచుకు పందిరి అడ్డుపడుతోందని చాలా ఏళ్ళు అనుకున్నాను. అది తప్పని న్యూజెర్సీలో రెండు డజన్ల టమాటా మొక్కలు పోగొట్టుకున్నాక అర్థమైంది.

ఇక్కడ ఏప్రిల్ చివర్లో నాలుగు రోజులు ఎండ కాస్తే చేతులు ఊరుకోవు. చలికాలమంతా బేస్‌మెంట్‌లో లైట్ల కింద పెంచిన వంగ, మిరప, టమాటా నారు జానెడు ఎదిగి ఉంటుంది. మదర్స్ డే, అంటే మే రెండో ఆదివారం, దాటేదాకా నాటొద్దని ఇక్కడ ముందునుంచీ ఉన్నవాళ్ళు చెబుతారు. నేను వినలేదు. ఆ రాత్రి ఫోన్లో ఫోర్‌కాస్ట్ చూస్తే 36 డిగ్రీలు. ఫారన్‌హీట్‌లో నీళ్ళు గడ్డకట్టేది 32 దగ్గర కదా, ఇంకా నాలుగు డిగ్రీలుంది, టెన్షన్ లేదనుకుని పడుకున్నాను. పొద్దున చూస్తే ఆకులు ఉడికిన తోటకూరలా నల్లబడి, నీరుకారుతూ వేలాడుతున్నాయి.

ఫోర్‌కాస్ట్ తప్పు కాదు. అందులో చెప్పేది నేలకు సుమారు ఐదడుగుల ఎత్తున ఉండే గాలి సంగతి. మొక్క ఉన్నది జానెడు ఎత్తులో. ఏ వస్తువైనా తన వేడిని కంటికి కనపడని పరారుణ కిరణాలుగా ఎప్పుడూ బయటికి పంపుతూనే ఉంటుంది. పగలు ఎండ ఆ లోటు పూడుస్తుంది. రాత్రి మబ్బుంటే పోయిన వేడిలో కొంత మబ్బే తిరిగి పంపుతుంది. ఆకాశం తేటగా ఉండి, ఆకు కూడా కదలనంతగా గాలి స్తంభించిన రాత్రి మాత్రం పోయే వేడి ఎక్కువ, తిరిగి వచ్చేది తక్కువ. అప్పుడు ఆకు తన చుట్టూ ఉన్న గాలి కంటే కూడా చల్లబడుతుంది. చల్లగాలి బరువు కాబట్టి పల్లానికి చేరుతుంది. మా దొడ్లో మొట్టమొదట పోయినవి పల్లంలో ఉన్న మొక్కలే. గాలిలోని తేమ ఆకును తాకి అక్కడే నీరవుతుంది, చలి ఇంకా ముదిరితే తెల్లటి పొడిలా పేరుకుంటుంది. ఫ్రాస్ట్ అంటే అదే. వాడుకలో మనం దానికీ, పొగమంచుకీ, హిమాలయాల్లో కురిసేదానికీ కలిపి మంచు అనే అంటాం. అందుకే పైనుంచి పడుతుందన్న భ్రమ కలుగుతుందేమో.

అసలు చావు ఆకు లోపల జరుగుతుంది. కణాల మధ్య ఉన్న నీరు ముందు గడ్డకట్టి, కణాల్లోని నీటిని బయటికి లాగేస్తుంది. పొరలు చిట్లుతాయి. ఎండ తగిలి మంచు కరగగానే రసమంతా కారిపోతుంది.

చలి సంగతిలో పొరబడింది నేనొక్కణ్ణే కాదు. లండన్ వైద్యుడు విలియం చార్లెస్ వెల్స్, తోటమాలులు పల్చటి చాపలు కప్పి మొక్కల్ని చలినుంచి కాపాడాలని చూస్తుంటే మనసులో నవ్వుకునేవాడినని 1814లో స్వయంగా రాసుకున్నాడు. అంత పల్చటిది చలిని ఎలా ఆపుతుందని ఆయన అనుమానం. తర్వాత పచ్చికలో నాలుగు పుల్లలు గుచ్చి, ఆరంగుళాల ఎత్తున ఒక సన్నటి చేతిరుమాలు బిగించి కట్టాడు. రుమాలు కింది గడ్డి పక్కగడ్డి కంటే వెచ్చగా ఉంది. చుట్టూ నాలుగు వైపులా తెరిచే ఉంది, గాలి తిరుగుతూనే ఉంది. రుమాలు చేసిందల్లా గడ్డికి ఆకాశం కనపడకుండా చేయడమే. మా పందిరి చేసిన పనీ అదే.

ఇది తెలిశాక ఖర్చు పెట్టబుద్ధి కాలేదు. పాత నూలు దుప్పటి చాలు. మొక్కకు స్వెటర్ తొడిగినట్టు దుప్పటిని కాండం దగ్గర మూటకట్టేవాళ్ళున్నారు, అది దండగ. వేడి వచ్చేది నేలలోంచి, మొక్కలోంచి కాదు. కర్రలు పాతి, ఆకులకు తగలకుండా గుడారంలా వేసి, అంచులు నేలకు ఆనించి ఇటుకలు పెట్టాలి. ముందురోజు పొద్దున నేల తడపాలి, తడినేల పగటి వేడిని ఎక్కువ దాచుకుంటుంది. నేలమీద గడ్డి పరిచి ఉంటే పక్కకు లాగేయాలి, లేకపోతే ఎండ వేడి నేలలోకి దిగదు, రాత్రి పైకీ రాదు. పల్చటి పాలిథిన్ షీటుతో లాభం తక్కువ. నేల వేడి అందులోంచి చాలావరకు దాటిపోతుంది, పైగా అది ఆనిన ఆకు అక్కడికక్కడే మాడుతుంది.

దుప్పటి కింద గ్యాలన్ పాలడబ్బాలు నీళ్ళతో నింపి పెడతాను. ఒక్కో దాంట్లో దాదాపు 3.8 లీటర్లు పడతాయి. 20 సెల్సియస్ నుంచి సున్నాకి చల్లబడుతూ ఆ నీళ్ళు సుమారు 76 కిలోకేలరీలు వదులుతాయి. గడ్డకట్టడం మొదలైతే మొత్తం గట్టిపడేలోగా ఇంకో 300 ఇస్తాయి. టమాటా ఆకు సున్నాకి కాస్త దిగువన గాని గడ్డకట్టదు కాబట్టి ఆ తేడాలోనే మొక్క బతుకుతుంది.

గాలి వీస్తూ వచ్చే చలికి ఇవేవీ పనిచేయవు, ఆ రాత్రి కుండీల్ని ఇంట్లోకి మోయాల్సిందే. బెండ గింజలకైతే నేల వెచ్చబడందే తొందర వద్దు, చలినేలలో కుళ్ళిపోతాయి.

నిరుడు మే మొదటివారంలో మళ్ళీ 35 అన్నారు. పొద్దున్నే వెళ్ళి చూస్తే దుప్పటి మీద తెల్లటి పొర, పట్టుకుంటే గంజి పెట్టినట్టు బిర్రుగా ఉంది. ఎత్తితే కింద ఆకులు పచ్చగా, తడిగా ఉన్నాయి. మమ్మల్ని చూడ్డానికి వచ్చిన అమ్మ దుప్పటి దులిపి డెక్ రైలింగ్ మీద ఆరేస్తూ, తేటగా ఉన్న ఆకాశంకేసి చూసి, “ఇవాళ కూడా మంచు పడేట్టుందిరా” అంది.